ముందే చెప్పిన సాక్ష్యం

ఉద్దానంలో మనిషి ఎదురుపడితే మేం ముఖం తర్వాత చూస్తాం, ముందు కాళ్లు చూస్తాం. పాదాలు ఉబ్బి ఉన్నాయా, చెప్పు పట్టీ చర్మంలోకి దిగిందా అని. ఎవరూ నేర్పలేదు, అలవాటైపోయింది. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం వైపు, కొబ్బరి తోటలకీ జీడి తోటలకీ మధ్య ఉన్న మా ఊళ్లని కిడ్నీ జబ్బు పట్టుకుని చాలా ఏళ్లయింది. ఎందుకొస్తుందో తేల్చి చెప్పినవాళ్లు లేరు. నీళ్లంటారు కొందరు, నేలంటారు కొందరు, ఎండలో పని అంటారు ఇంకొందరు. వచ్చిన పెద్దమనుషులు మా నీళ్లు సీసాల్లో పట్టుకుపోతారు. మేం క్యాన్లలో నీళ్లు కొనుక్కుని తాగుతాం, తాగుతూ కూడా కాళ్లు చూసుకుంటాం.

మా చిన్నాన్న ఈ జబ్బుతోనే పోయాడు. ఆయన్ని డయాలసిస్‌కి నాన్నే తన బండి మీద తీసుకెళ్లేవాడు. తిరిగొచ్చేటప్పుడు చిన్నాన్నకి కూర్చునే ఓపిక ఉండేది కాదు. జారి పడిపోతాడని నాన్న తువ్వాలుతో ఆయన్ని తన నడుముకి కట్టుకుని బండి నడిపేవాడు. ఒక వానాకాలం రోడ్డు తెగిపోయి ఒక్కసారి వెళ్లడం కుదరలేదు. అప్పుడు చిన్నాన్న ఊపిరందక, మంచం పట్టెని రెండు చేతులా పట్టుకుని, ముందుకి వంగి కూర్చున్న తీరు నాన్న చూశాడు. నేనూ చూశాను. దాని గురించి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరం మాట్లాడుకోం.

అందుకే నాన్న కాళ్లు వాచినప్పుడు ముగ్గురం చూశాం, ముగ్గురం చూడనట్టే ఉన్నాం. నాన్నది కొబ్బరికాయలు ఒలిచే పని. నేలలో పాతిన ఇనుప గునపం మీద కాయని గుచ్చి, మెలిపెట్టి, పీచు తీసెయ్యాలి. పొద్దుట్నుంచీ నిలబడే చేస్తాడు కాబట్టి కాళ్లు వాచాయని అమ్మ అంది. అవునన్నాడు నాన్న. మంచినూనె రాసుకుని పడుకున్నాడు. పొద్దున్నే అమ్మ వంటింట్లోంచి వచ్చి, నాన్న నిద్రలో ఉండగా బొటనవేలితో ఆయన పాదాన్ని నొక్కి చూడడం నేను చూశాను. గుంట పడింది, లేవలేదు. అమ్మ పమిట సర్దుకుని మళ్లీ పొయ్యి దగ్గరకి వెళ్లిపోయింది. ఆ రోజు కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది, మేం అలాగే తినేశాం.

నేను దగ్గర టౌనులో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతాను. నోరున్న దాన్నని నాకు పేరు. ఆ వేసవిలో స్కూలుకి సెలవులివ్వగానే నాన్నతో పోట్లాడి, ఒక శనివారం అమ్మనీ నాన్ననీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. రక్తం తీసుకున్నారు. సోమవారం రమ్మన్నారు.

శనివారానికీ సోమవారానికీ మధ్య ఒక ఆదివారం ఉంటుంది కదా, మా కొంప ముంచింది ఆ ఆదివారమే.

మాది రేకుల కప్పున్న చిన్న చర్చి. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు, చాపల మీద కూర్చుంటాం. పాటలయ్యాక, పాస్టరుగారు వాక్యం చెప్పేముందు సాక్ష్యాల సమయం. ఆ వారం దేవుడు తనకి చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. గేదె ఈనిందని ఒకరు, జ్వరం తగ్గిందని ఒకరు, కొడుకు ఇంటరు పాసయ్యాడని ఒకరు. పరీక్ష రాసింది కొడుకైనా ఏడ్చేది మాత్రం తల్లే. చిన్నప్పుడు నేను తప్పిపోయిన మేక దొరికిందని చెబితే అందరూ స్తోత్రం అన్నారు, ఆ వారమంతా నా కాళ్లు నేలమీద ఆనలేదు. సాక్ష్యం చెప్పడమంటే మా వాళ్లకి అంత ఇష్టం. ఒకరి మేలు విని ఇంకొకరు ధైర్యం తెచ్చుకుంటారు, దాని పనే అది.

ఆ మధ్య అమ్మ ఫోనులో ఎవరెవరివో ప్రసంగాలు వింటోంది. నమ్మినదాన్ని జరగకముందే నోటితో చెప్పేయాలనీ, అలా చెప్పినవాళ్లకే అది జరుగుతుందనీ ఎవరో గట్టిగా అరిచి చెప్పడం అటూ ఇటూ తిరుగుతూ నేనూ విన్నాను. కోడి కూతలాగే అది కూడా ఇంట్లో ఒక చప్పుడు అనుకున్నాను గానీ అమ్మ దాన్ని పట్టుకుని వేలాడుతోందని అనుకోలేదు.

ఆదివారం అమ్మ లేచి నిలబడింది. మా అమ్మ మాట్లాడేది ఒక తెలుగు, ప్రార్థన చేసేది ఇంకో తెలుగు. ఇంట్లో 'బేగి రావే, కూడు సల్లారిపోతాది' అని కేకేసే మనిషి చర్చిలో లేస్తే చాలు, పుస్తకాల భాషలోకి వెళ్లిపోతుంది. ప్రభువు నా భర్తను ముట్టియున్నాడు, వ్యాధి ఆయనను విడిచిపోయినది, వైద్యులు చూచి ఆశ్చర్యపోదురు అని చెప్పింది.  చర్చి అంతా స్తోత్రం అంది. పక్కనున్న ముసలావిడ అమ్మ చేయి పట్టుకుని కళ్లకద్దుకుంది. మగవాళ్ల వైపు నాన్న తల వంచుకుని చాప అంచు పీకుతూ కూర్చున్నాడు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇంటికొచ్చాక ఆ మాట అమ్మ ముఖం మీదే అన్నాను. అమ్మ పొయ్యి వెలిగించడానికి వెళ్లిపోయింది. నాకు కోపమొచ్చిందని చెబుతున్నాను గానీ కోపం పైపైదే. లోపల, సోమవారం అమ్మ మాటే నిజమైతే బాగుండునని నేనూ ఆశపడ్డాను.

సోమవారం డాక్టరు ముఖం చూడగానే ఆ ఆశ పోయింది. ఆయన మెల్లగా, మాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది. డయాలసిస్ మిషను దాకా రాలేదు, ఇంకా చేతిలోనే ఉంది. బీపీ మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు, ఉప్పు తగ్గించాలి, నడుం నొప్పికి కొట్లో కొనుక్కుని మింగే బిళ్లలు ముట్టుకోకూడదు, నెలనెలా రావాలి. ఇవన్నీ చేస్తే చాలాకాలం ఆపొచ్చు, నిర్లక్ష్యం చేస్తే ఎక్కువ టైము ఉండదు. నాన్న అన్నింటికీ తలూపాడు. బయటికొచ్చాక బెంచీ మీద కూర్చుని తన చేతులు తానే చూసుకుంటూ ఉండిపోయాడు.

ఊళ్లో బస్సు దిగగానే మా చర్చి సంఘపెద్ద ఒకాయన ఎదురై ఏమన్నారని అడిగాడు. దేవుడి దయ, అంది అమ్మ. అంతే అంది. ఆయన దాన్ని తనకి కావలసినట్టు అర్థం చేసుకున్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. సాయంత్రానికల్లా మా నాన్నకి కిడ్నీ జబ్బు వచ్చి ప్రార్థనతో పోయిందని ఊరంతా తెలిసిపోయింది.

మొదట తెచ్చిన మాత్రలు ఉన్నన్నాళ్లూ నాన్న వేసుకున్నాడు. అయిపోయాక మా ఊరి ఆరోగ్య కేంద్రంలో తీసుకోవాలి. అక్కడ ఆ జబ్బువాళ్లకి మాత్రలిచ్చే రోజొకటుంటుంది, వేపచెట్టు కింద వరస కడతారు. ఆ వరసలో నిలబడ్డ మనిషికి ఏముందో దారిన పోయే చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాన్న అక్కడికి వెళ్లలేదు. నేను తెస్తానంటే మనిషి రావాలి, బీపీ చూడాలి అన్నారు. టౌనులో కొని తెచ్చాను. అవి అలాగే గూట్లో ఉండిపోయాయి. వేసుకోమని అడిగితే అమ్మ చెప్పిన సాక్ష్యం ఏమవుతుందన్నాడు. మాత్ర వేసుకుంటే దేవుడి మీద చెప్పినమాట అబద్ధమైనట్టు, వేసుకోకపోతే ప్రాణం మీదికి. మింగలేక కక్కలేక ఆ మనిషి రోజురోజుకీ మాట తగ్గించుకున్నాడు. పొద్దున్నే తలనొప్పి అనేవాడు, ఒకట్రెండు సార్లు వాంతి చేసుకున్నాడు. పని దగ్గర గునపం ముందు కూర్చుండిపోయాడని కూడా ఎవరో చెప్పారు.

నాకు భయం పట్టుకుంది. ఇంట్లో ఏ చప్పుడైనా నాన్న పడిపోయిన చప్పుడులాగే వినిపించేది. ప్రార్థన చేద్దామని మోకరిస్తే నోట్లోకి మాట వచ్చేది కాదు. బాగు చెయ్యమని అడగాలంటే, బాగైపోయిందని మేం చెప్పేశాం కదా. ధైర్యమిమ్మని అడగాలంటే, భయమున్నట్టు ఒప్పుకోవాలి. దేవుడితో కూడా దాగుడుమూతలాడే ఇల్లైపోయింది మాది.

ఒక రోజు ఓర్చుకోలేక అమ్మని నిలదీశాను. నీ మాట నిలబెట్టుకోడానికి నాన్న ప్రాణం కావాలా అన్నాను. అమ్మ జీడిపిక్కలు ఎండబోస్తోంది. చేట కింద పెట్టి నా వైపు తిరిగింది.

"ఆ రెండ్రోజులు నానెలాగ బతకాల?" అంది. "శనివారం కాణ్ణించి సోమారం దాకా ఊపిరాడనేదు నాకు. సెప్పీసినాను. సెప్పీస్తే నిజమైపోతాదనుకున్నాను."

అది విన్నాక మళ్లీ తిట్టడానికి నాకు మనసు రాలేదు. నేను విశ్వాసమనుకున్నది, ఊరు విశ్వాసమనుకున్నది, ఉత్త భయం. నోరు నొక్కుకోలేక అరిచిన అరుపు.

అక్కడితో ఆగితే మా ఇంటి గొడవగానే ఉండేది. ఒక గురువారం మధ్యాహ్నం రెండో వీధి రైతు భార్య మా ఇంటికొచ్చింది. వాళ్లది తరతరాలుగా వరి పండించే కుటుంబం, చర్చికి ఏనాడూ రాలేదు. ఏటేటా రథసప్తమికి అరసవల్లి వెళ్లొచ్చి మాకు ప్రసాదం పంపే మనుషులు. ఆమె భర్త ఏడాదిగా డయాలసిస్ మీద ఉన్నాడు. ఆవిడ అమ్మ పక్కన కూర్చుని, ఏ ప్రార్థన చేశారో, ఎన్ని రోజులు ఉపవాసం ఉన్నారో తనకీ చెప్పమంది. తన భర్త మా సంగతి విన్నప్పట్నుంచీ అదే మాటగా ఉన్నాడట. సూదులు పొడిపించుకోలేనని, దేవుడు మా నాన్నని బాగుచేసినట్టు తననీ బాగుచేస్తాడని, ఆ రోజు మిషనుకి వెళ్లాల్సి ఉండీ వెళ్లనని పడుకున్నాడట. రేపు శుక్రవారం ఉపవాస ప్రార్థనకి తీసుకొస్తానని చెప్పింది.

 మిషనుకి వెళ్లమని అమ్మ చెప్పాలంటే నాన్నకి బాగవలేదని మొత్తం చెప్పాలి. ముందు మిషనుకి తీసుకెళ్లమని నేనన్నాను. ఆవిడ నన్ను కాదు, అమ్మని చూసింది. అమ్మ తల వంచుకుంది. ఆవిడ దాన్ని ప్రార్థన అనుకుని దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. నాన్న లోపల మంచం మీద ఉన్నాడు, అంతా విన్నాడు.

శుక్రవారం పదకొండింటికే రేకులు కాలిపోతున్నాయి. రైతుని ఇద్దరు పట్టుకుని తెచ్చి, కింద కూర్చోలేడని బెంచీ వేశారు. నాన్న ఆయనకి ఎదురుగా కూర్చున్నాడు. నేను ఆడవాళ్ల వైపు నుంచి రైతునే చూస్తున్నాను. ముఖం ఉబ్బింది. పాట నడుస్తుండగా ఆయన బెంచీ అంచుని రెండు చేతులా పట్టుకుని ముందుకి వంగాడు. మంచం మీద చిన్నాన్న కూర్చున్న తీరే అది. నాన్న వైపు చూశాను. నాన్న కూడా అదే చూస్తున్నాడు.

పాట ఆగకుండానే నాన్న లేచాడు. ఆయన ఎన్నడూ సాక్ష్యం చెప్పిన మనిషి కాదు. ఒకరొకరుగా పాట ఆపేశారు.

"నాకు బాగవనేదు," అన్నాడు. "మాయావిడ సెప్పింది నిజం కాదు. అబద్ధమూ కాదు, బయ్యం. కిడ్నీలు పాడవుతన్నాయని డాక్టరు సెప్పినాడు. మాత్రలేసుకుంటే ఆగుతాదన్నాడు. మీరేటనుకుంటారో అని నాను మానీసినాను."

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. 

"నాకు సానా బయ్యమేస్తన్నాది. మా తమ్ముడెలాగ పోయినాడో నా కళ్లతో సూసినాను. దేవుడున్నాడు, బయ్యమూ ఉన్నాది. నా కోసం పార్దన సెయ్యండి. మాత్రలు మాత్రం ఏసుకుంటాను." తర్వాత రైతు వైపు తిరిగాడు. "నన్ను సూసి మిసను మానకు తమ్ముడూ. లే, ఇప్పుడే ఎళ్లిపోదాం."

అమ్మని చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు. రైతు భార్య అమ్మని ఏమైనా అంటుందేమోనని ఆవిడ వైపు చూశాను. అనే హక్కు ఆమెకుంది. ఆమె అప్పటికే భర్త చెప్పులు వెతుకుతోంది.

పాస్టరుగారు వేదిక దిగి వచ్చి నాన్న భుజం మీద చేయి వేశారు. అమ్మ సాక్ష్యానికి అందరికన్నా గట్టిగా స్తోత్రం అన్నది ఆయనే, ముఖం ఎర్రబడింది. సిలువకి ముందు తోటలో ప్రభువు కూడా భయపడ్డాడనీ, ఆ భయాన్ని దాచకుండా తండ్రికి చెప్పుకున్నాడనీ, మెలకువగా నాతో ఉండండని స్నేహితుల్ని అడిగాడనీ, మనం అంతకన్నా గట్టివాళ్లమా అనీ చాలా మెల్లగా అన్నారు. ఇన్నేళ్లుగా విన్న కథే. అందులో ప్రభువు భయపడ్డాడన్న ముక్క నాకు ఆ రోజే వినిపించింది. ఆటో వచ్చేలోగా అందరూ నాన్న చుట్టూ, రైతు చుట్టూ చేరి ప్రార్థించారు. ఎవరి నోటా పుస్తకాల భాష లేదు.

ఒక్కమాట ఇక్కడే చెప్పేస్తాను. నాన్న వరసలో నిలబడి మాత్రలు తెచ్చుకుంటున్నాడు. మిషను దాకా ఇంకా రాలేదు. రాదని నేను అనను. నెలనెలా ఫలితం చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ అన్నం దిగదు. జబ్బు పోలేదు, భయం పోలేదు. భయమేస్తోందని ముగ్గురం ఒకరికొకరం చెప్పుకుని, అప్పుడు కళ్లు మూసుకుంటున్నాం, అంతే మారింది.

ఆ శుక్రవారం ఆటోలో రైతు, ఆయన భార్య, నాన్న, అమ్మ, నేను ఇరుక్కుని కూర్చున్నాం. దారి పొడుగునా ఆయన ఊపిరి చప్పుడు వింటూ వెళ్లాం. ప్రతి గతుకు దగ్గరా ఆ చప్పుడు ఆగిపోయిందేమోనని నేను ఆయన ముఖం చూశాను. ఇంకాస్త ఆలస్యమైతే మా చేతిలో ఉండేది కాదని ఆసుపత్రిలో కోప్పడి, వెంటనే మిషను మీద పెట్టారు. నాన్న వరండా దాకా వచ్చి ఆగిపోయాడు. చిన్నాన్నని పడుకోబెట్టిన గది అది, గడప దాటలేకపోయాడు. రైతు భార్యని మందులకి పంపారు. ఎవరో ఒకరు దగ్గరుండాలన్నారు.

అమ్మ లోపలికి వెళ్లింది. చిన్నాన్న ఉన్నన్నాళ్లూ ఆ గది వైపు రాని మనిషి, ఇంట్లోనే ఉండి ప్రార్థిస్తానని తప్పించుకునేది. గొట్టాల్లో రక్తం తిరుగుతుంటే తలుపు దగ్గర్నుంచి నాకే కళ్లు తిరిగాయి. అమ్మ స్టూలు లాక్కుని ఆయన మంచం పక్కన కూర్చుంది. ఏదో చెప్పబోయింది. ఆయన చేయి అడ్డంగా ఊపాడు.

"బాగయిపోతాదని సెప్పకొదినా."

"సెప్పను," అంది అమ్మ.

ఆయన పైకప్పు వంక చూశాడు. తర్వాత అడిగాడు. "నీకూ బయ్యమేస్తన్నాదా?"

"ఏస్తన్నాది. సానా ఏస్తన్నాది."

"మరేటి సేస్తావు?"

"దేవుణ్ణి పిలుస్తాను," అంది అమ్మ. "పిలిసి, ఇలాగే కూకుంటాను."

 ఆయన సూది లేని చేతిని అమ్మ వైపు జరిపాడు, అమ్మ పట్టుకుంది. ఆమె పెదవులు కూడా కదల్లేదు. కాసేపటికి రైతు భార్య మందులు పట్టుకుని వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది. భర్తకి ఏమైందోనని గుండె మీద చేయి వేసుకుని నా వైపు చూసింది. నిద్రపోతున్నాడని చెప్పాను. ఏడాదిగా ఆ మిషను మీద ఆయన ఒక్కరోజు కూడా కునుకు తీయలేదట.